రాక్షసబల్లులకు పెద్దల అమావాస్య

తిరుపతి

కుప్పమ్మత్తకు నీ మేనకోడలు లోహిత దండాలు.

ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు, అందుకే ఈ ఉత్తరం. ఆదివారం మా సైన్సు ప్రదర్శనశాలలో రాక్షసబల్లుల గురించి చెబుతున్నాను. ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట ఆకాశం నుంచి కొండంత రాయి వచ్చి భూమిని గుద్దింది. దుమ్ము లేచి ఎండ ఆగిపోయింది. తిండి లేక పాపం వాటి వంశమే పోయింది. కిందటిసారి హాల్లో నేనూ, కుర్చీలూ తప్ప ఎవరూ లేరు. ఈసారీ అంతే అయితే నా ప్రసంగాలు ఆపేస్తామని మా సారు చెప్పేశారు. ఎవరినైనా వెంటబెట్టుకుని రా అత్తా, నీకు పుణ్యముంటుంది.

నీ లోహిత

తా.క.: మామ వస్తే నిద్రపోకూడదు. ఆయన గురకకు మైకు అక్కర్లేదు.

పూతలపట్టు

మా బంగారు లోహితకు అత్త దీవెనలు.

వంశమే పోయిన కబురు ఇంత నింపాదిగా రాస్తావా మే? సదవతా ఉంటే కడుపు తరుక్కుపోయింది. ఒక్కరూ మిగల్లేదంటే ఇన్నాళ్లూ వాళ్లకు ఆకేసి అన్నం పెట్టినోళ్లు ఎవురు? ఆదివారం పెద్దల అమావాస్య. దిక్కులేనోళ్లకు మనమే కదా పెట్టాల! నువ్వు పిలిసింది అందుకేనని నాకు అర్థమైందిలే. వడలు, పాయసం సేసుకోని మా వీధంతా వస్తాము.

మీ అత్త

తా.క.: అవి ఉప్పూ కారం తింటాయా?

తిరుపతి

అయ్యో అత్తా, నీకు కోటి దండాలు!

నేను పిలిచింది వినడానికి, తద్దినానికి కాదు. వడల గిన్నెలు చూస్తే సారు నా పని ఆ రోజే ముగించేస్తారు. ఆ రాయి పడింది ఎక్కడో మెక్సికో దగ్గర. మనకేం సంబంధం? అప్పట్లో మన దక్కను వైపు కూడా నేల చీలి నిప్పు పారిందట, అదీ కొంత కారణమని కొందరు శాస్త్రవేత్తలు అంటారు గానీ ఇంకా తేలలేదు. దయచేసి ఉత్త చేతులతో రా.

లోహిత

తా.క.: కారం సంగతి ఎవరికీ తెలియదు.

పూతలపట్టు

లోహితకు దీవెనలు, కోపంతోనే.

మన వైపు నిప్పు కూడా ఉండాదని ముందే ఎందుకు సెప్పలేదు? అట్లయితే సగం పాపం మనదే! ఇంక ఎవురు అడ్డమొచ్చినా ఆగేది లేదు. మీ సారుతో నేను మాట్లాడతాను, నువ్వు గమ్మునుండు.

అత్త

తా.క.: అంత పెద్ద శాల్తీలకు ఒక్క అరిటాకు యాడ సాలతాదని మీ మామ అడగతా ఉండాడు.

తిరుపతి

మా అత్తకు సాష్టాంగ నమస్కారం.

ఆదివారం కుర్చీలు చాలక మామ కిటికీ ఎక్కి కూర్చున్నాడు. నువ్వు పిట్టగోడ మీద ఆకు వేశావు, కాకి రాలేదు. కాకి ముట్టందే ఎవరూ తినరు, ఎవరూ కదలరు. దాంతో నేను ప్రసంగం మొత్తం చెప్పి, మళ్లీ మొదటి నుంచి చెప్పాను. నా జన్మలో నన్ను అంతసేపు విన్నవాళ్లు లేరు. సారు కూడా వడల గిన్నె వైపు చూస్తూ బుద్ధిగా కూర్చున్నారు. చివరికి కాకి వచ్చి వడ ఎత్తుకోగానే మీరంతా చేతులు జోడించారు. ఆ కాకిని చూశాక నాకు తట్టిన అసలు మాట చెప్పేలోగా అందరూ వడల మీద పడ్డారు.

రాక్షసబల్లుల్లో ఒక చిన్న శాఖ ఆ దెబ్బకూ బతికి బట్టకట్టింది అత్తా. ఈనాటి పక్షులన్నీ వాటి సంతానమే. మీరు అన్నం పెట్టిందీ ఆ పెద్దలకే, వచ్చి తిన్నదీ వాళ్ల మనవడే!

నా ప్రసంగాలు ఆగవు. వచ్చే అమావాస్య ఎప్పుడని సారే అడుగుతున్నారు.

సంతోషం పట్టలేని నీ లోహిత

తా.క.: కోడి కూడా ఆ వంశమే. ఈ ముక్క మామకు కూర తిన్నాక చెప్పు.