చారల మీద స్కూటరు

అక్కా,

ఫోన్ చేసి చెప్పడానికి మొహం చెల్లక రాస్తున్నాను.

మొన్న నా షాపు దాకా వచ్చి, "పనుందిరా, దిగను" అని వ్యాన్లోంచే వెళ్లిపోయావు. పెద్ద బిజీ అయిపోయావని ఎకసెక్కాలాడాను కూడా. నీ కోసం పార్కింగ్‌లో చక్రాల కుర్చీ బొమ్మ వేయించానని ఊరంతా డప్పు కొట్టుకున్నాను. దాని పక్కన చారలు గీసిన జాగా మాత్రం దండగనుకుని నా స్కూటరు పెట్టుకుంటూ వచ్చాను.

నిన్న నీలాగే కుర్చీలో ఒకాయన వచ్చాడు. వ్యాను పక్క తలుపు తీసి, కుర్చీ దిగే పలక ఆ చారల మీదికి దించబోతే నా స్కూటరుకి తగిలింది. "ఎవడిదో ఈ బండి" అన్నాడు. తల కొట్టేసినట్టయింది.

ఇక అక్కడ ఎవరి బండీ ఉండదు. ఆదివారం రా అక్కా.

ఆ స్కూటరు నువ్వు కొనిపెట్టిందే కదా. గుర్తుపట్టే ఉంటావు. "తియ్యరా" అని ఒక్క మాట అనకపోయావా?

నీ తమ్ముడు