నోరు మూసుకునే మందు, రోజుకు మూడు పూటలు

ఏప్రిల్ 5, శనివారం. సాయంత్రం 6.40

అక్క ఫోన్ చేసింది. నాలుగు నెలల తర్వాత!

కారణం నా మీద ప్రేమ కాదు. 'తొమ్మిది దీపాల దారి' రెండో భాగం రేపు సాయంత్రం అయిదింటికి టీవీలో మొదలవుతోంది. వారానికో ఎపిసోడ్, మొత్తం పన్నెండు. ఎప్పటిలాగే ఒరిటా గారి కాఫీ హోటల్లో కూర్చుని చూస్తారు. నన్నూ రానిస్తారట. షరతు మాత్రం ఒకటుంది.

"చిజూ, ముందు జరగబోయేది ఒక్క ముక్క నీ నోట్లోంచి ఊడిపడిందా, ఇక జన్మలో నీ పక్కన కూర్చుని ఏదీ చూడను."

కయోకో అక్క మాటంటే మాటే. మొదటి భాగంలో ముసుగు గురువు అసలు ఎవరో నేను ముందే చెప్పేసిన పాపానికి, కొత్త సంవత్సరం పూట మోచి బియ్యపు ముద్దల సూప్ ఎదురెదురుగా కూర్చుని మూగవాళ్లలా తాగాం. అమ్మ పోయాక మేమిద్దరం కలిసేది ఈ ఆదివారం సాయంత్రాలే. ఇవి కూడా పోతే నాకు మిగిలేది మందుల షాపూ, ఈ డైరీనూ.

జబ్బు: టీవీలో వచ్చేది మాంగా బొమ్మల పుస్తకాల్లో ఎప్పుడో వచ్చేసిన కథ. పదిహేను పుస్తకాలూ నేను చదివేశాను. మిగతా ముగ్గురికీ టీవీలో చూసిందే తెలుసు.

మందు: షాపు నుంచి ఒక ఖాళీ మందుల కవరు తెచ్చి, దాని మీద పద్ధతిగా రాసి ఫ్రిజ్‌కి అంటించాను. "మినోబె చిజురు గారు, 38 ఏళ్లు. నోరు మూసుకోవాలి. రోజుకు మూడు పూటలు, భోజనం తర్వాత. పన్నెండు వారాలు. మధ్యలో మానరాదు."

అదనపు జాగ్రత్త: కొత్త అధ్యాయాలు వచ్చే నెలవారీ పత్రిక కొనడం ఆపేశాను. తెలియనిది ఎలా చెబుతాను? తెలివంటే ఇదీ!

అసలు నాకిదొక లెక్కా? పదకొండేళ్లుగా మందుల కౌంటర్లో నిలబడుతున్నాను. ఈ పేటలో ఎవరికి మొలలో, ఎవరికి జుట్టు ఊడుతోందో, ఎవరికి మాత్ర లేనిదే నిద్ర పట్టదో, అన్నీ నా కడుపులో భద్రంగా ఉన్నాయి. ఇంతమంది నిజం మనుషుల గుట్టు దాచినదాన్ని, నలుగురు బొమ్మ మనుషుల గుట్టు దాచలేనా?

ఏప్రిల్ 6, ఆదివారం

మొదటి ఎపిసోడ్. ఘనవిజయం.

హాజరు: ఒరిటా గారు, డెబ్బై రెండేళ్లు, హోటల్ ఆవిడది, టీవీ ఆవిడది, కాబట్టి రిమోటూ ఆవిడదే. హమగుచి గారు, సిటీ బస్సు డ్రైవరు. ఆయన చెప్పే జోస్యాలు ఇంతవరకూ ఒక్కటీ నిజం కాలేదు, ఆయన నమ్మకం మాత్రం వెంట్రుకవాసి తగ్గలేదు. అక్క, ఆమె బ్యాగుకి వేలాడే రూగల్ బొమ్మ.

రూగల్ అంటే డాలు పట్టుకుని అందరి ముందు నడిచే లావుపాటి వీరుడు. అక్కకి ప్రాణం. మొగుడి పుట్టినరోజు మరచిపోయింది గానీ రూగల్ పుట్టినరోజు మరచిపోదు. జూన్ 15. నాకు ఇష్టమైనది మంత్రగత్తె మెల్లె. ఎప్పుడూ నిద్రపోతుంటుంది. ఆదర్శ మహిళ.

నేను మాట్లాడిన మాటలు: బాగుంది, కాఫీ, థాంక్సండీ. అంతే.

అక్క నా గిన్నెలో తన స్ట్రాబెర్రీ వేసింది. స్ట్రాబెర్రీ చాలు.

ఏప్రిల్ 20, ఆదివారం

మూడో ఎపిసోడ్. రూగల్ తన ఊరి గురించి, తిరిగెళ్లి పెట్టబోయే రొట్టెల కొట్టు గురించి చెప్పాడు. నేను "పాపం" అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు.

పాపం అనేది కథ బయటపెట్టడం కిందకి రాదు. అది మానవ సహజమైన భావం. బస్సులో కూర్చున్న ముసలాయన్ని చూసినా అంటాం. ఈ మాటే వాళ్లకి పదిహేను నిమిషాలు వివరించాను. వివరించకుండా ఉంటే బాగుండేదని ఇంటికొచ్చాక తోచింది.

ఇక నుంచి ప్రమాదం అనిపించినప్పుడల్లా ఒక గుక్క నీళ్లు తాగాలి. నీళ్లు తాగేవాడు మాట్లాడలేడు. ఇది శరీర శాస్త్రం.

ఏప్రిల్ 27, ఆదివారం

నీళ్లు తాగాను. నోరు విప్పలేదు. ఆరుసార్లు బాత్రూముకి వెళ్లాను. విజయమే.

మే 4, ఆదివారం

విజయం కాదు.

హమగుచి గారి దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. బస్సుల వేళలు రాసుకునేదనుకున్నాను. ఆయన కాఫీకి లేచినప్పుడు తొంగి చూశాను. పైన తేదీ, కింద ఆయన జోస్యాలు, ఒక్కో దాని పక్కన అంకె. "తెల్ల కోట రాజు మంచివాడు: 0. గుహలో రెండో దారి ఉంది: 1. ఎవరో ద్రోహం చేస్తారు: 3."

అంకెలంటే నా గుక్కలు.

ఆయన ఏమాత్రం సిగ్గుపడలేదు. తన జోస్యాలు ఇన్నాళ్లకి ఫలిస్తున్నాయనీ, అంతా నా చలవేననీ అన్నాడు. అక్క నా గ్లాసు తీసి ఒరిటా గారి చేతికిచ్చింది.

మే 11, ఆదివారం

మాస్కు వేసుకుని వెళ్లాను. గొంతు నొప్పి అని చెప్పాను. కనుబొమలు బయటే ఉంటాయన్న సంగతి గుర్తు రాలేదు.

ఇంకోటి. ఒరిటా గారికి ఈ కథలో ఒక్క గాడిద మీదే బెంగ. సామాన్లు మోసే ఆ గాడిద కోసమే ఆవిడ టీవీ పెడుతుంది. ఇవాళ మంచుకొండ మీద దాని కాలు జారింది. ఆవిడ లేచి నిలబడి గుండె పట్టుకుంది. గాడిదకేం కాదండీ, అన్నాను.

ఇది నోరు జారడం కాదు. చికిత్స. ఆ వయసులో ఆందోళన మంచిది కాదు. నేను మందుల మనిషిని, చూస్తూ ఊరుకోలేను. వీధిలో ఎవరిని అడిగినా నాదే రైటంటారు.

హమగుచి గారు ఒక్కడే మెల్లగా తల ఊపాడు. "గాడిదకి ఏం కాదు అన్నారు. అంటే ఇంకెవరికో ఏదో అవుతుందన్నమాట."

ఇరవై ఏళ్లుగా బస్సు నడుపుతున్న మనిషికి ఇంత బుర్ర ఎందుకు?

మే 18, ఆదివారం

ఘోరం.

జూన్ 15 ఆదివారమే పడింది కాబట్టి హోటల్లోనే రూగల్ పుట్టినరోజు చేద్దామంది అక్క. కేకు, చాక్లెట్ పలక మీద పేరు, కొవ్వొత్తులు. కేకు షాపు మా మందుల షాపు పక్కనే. ఆ పని నాకు.

ఇంటికొచ్చి వేళ్ల మీద లెక్క వేశాను. ఒక్కో ఎపిసోడ్‌కి రెండు అధ్యాయాలు. వంతెన దగ్గర రూగల్ ఒక్కడే నిలబడిపోయే అధ్యాయం పదో ఎపిసోడ్‌లో పడుతుంది. జూన్ 8.

పుట్టినరోజుకి సరిగ్గా వారం ముందు. మళ్లీ లెక్క వేశాను. కాలి వేళ్లు కూడా కలిపి వేశాను. ఎనిమిదే.

మే 20, మంగళవారం. మధ్యాహ్నం 1.15

కేకు షాపు. పలక మీద ఏం పేరు అని అడిగింది అమ్మాయి. రూగల్ గారు అన్నాను. కొవ్వొత్తులు ఎన్ని అంది. నలభై రెండు అన్నాను.

"నలభై రెండు నిండుతాయాండీ?"

"నిండవు."

ఆ పిల్ల ముఖం మారిపోయింది. గొంతు తగ్గించి సారీ చెప్పింది. రిబ్బను తెల్లది పెట్టమంటారా అని అడిగింది. నేను వద్దంటూ కళ్లు తుడుచుకోవడం అస్సలు బాగోలేదు. పక్కనున్న ముసలావిడ నాకు తన చేతిరుమాలు ఇచ్చింది.

ముగ్గురు మనుషులకి తప్ప ఊరందరికీ చెప్పేలా ఉన్నాను.

మే 25, ఆదివారం

ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను. తర్వాత చదువుకుని సిగ్గుపడడానికి పనికొస్తుంది.

ఎపిసోడ్ అయిపోయింది. అక్క బ్యాగుకున్న రూగల్ బొమ్మకి కాగితం టోపీ కొలత తీస్తోంది. యాభై రెండేళ్ల మనిషి, స్కూల్లో లెక్కలు చెప్పే టీచరు, నాలుక బయట పెట్టి మరీ టోపీ చేస్తోంది. ఈ టోపీ బతికున్నవాడికే పెట్టాలి అనిపించింది. ఎలాగైనా.

పుట్టినరోజు జూన్ ఒకటినే చేసేద్దామా, అన్నాను.

ఎందుకని అడిగింది అక్క. పదిహేనున వాన పడుతుందన్నాను. మూడు వారాల తర్వాత పడే వాన నీకెలా తెలుసంది. వానాకాలం కదా అన్నాను. హోటల్ లోపల వాన పడదు కదమ్మా, అంది ఒరిటా గారు. హమగుచి గారు నోటుపుస్తకం తీశాడు. ఏమీ రాయలేదు. మళ్లీ మూసేశాడు. ఆయన ముఖం చూస్తే నాకు ఇంకా భయం వేసింది.

అక్క బొమ్మని అరచేతిలో పెట్టుకుని నా ముందుకి చాపింది.

"చిజూ, పదిహేనో తారీఖుకి రూగల్ ఉంటాడా?"

ఉంటాడు అంటే చాలు. మూడక్షరాలు. అబద్ధమే, అయినా అనాల్సింది. కానీ పదకొండేళ్ల అలవాటు నన్ను ముంచింది. నా చేతులు వాటంతట అవే పొట్ట మీద జోడించుకున్నాయి, నడుం వంగింది, మందు పొట్లం ఇచ్చాక ప్రతి రోగికీ చెప్పే మాట ఆ బొమ్మకి చెప్పేశాను.

"ఆరోగ్యం జాగ్రత్తండీ."

అక్క బొమ్మని బ్యాగులో పెట్టుకుంది. టోపీ బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది. తలుపుకున్న గంట చాలాసేపు మోగింది.

జూన్ 1, ఆదివారం

వెళ్లలేదు. నిజంగానే గొంతు నొప్పి. ఇప్పుడెవరు నమ్ముతారు.

అక్కకి నాలుగు మెసేజీలు పెట్టాను. చదివింది. జవాబు లేదు.

ఫ్రిజ్ మీద కవరు ఇంకా ఉంది. "మధ్యలో మానరాదు" అన్న అక్షరాలు నన్నే చూస్తున్నాయి. వాటి మీద దోసకాయ ఊరగాయ షాపువాడి క్యాలెండరు అంటించాను.

జూన్ 8, ఆదివారం. సాయంత్రం 5.24

ఇంట్లో ఒక్కదాన్నే చూశాను. వంతెన. డాలు. రూగల్ వెనక్కి తిరిగి నవ్వాడు.

ఆ అధ్యాయం ఏడుసార్లు చదివాను. ప్రతి గీత తెలుసు. అయినా తల గోడకి ఆనించి ఏడ్చాను. పక్కన అక్క లేకపోవడం వల్ల ఎక్కువ ఏడ్చాను. ఏడుపు ఆపుకోమని మోచేత్తో పొడిచేవాళ్లు ఉండాలి మనిషికి.

జూన్ 15, ఆదివారం

వాన పడింది. ఇదొక్కటైనా నిజం చెప్పాను.

కేకు ఆర్డరు రద్దు చేయడం మరచిపోయాను. షాపు అమ్మాయి రెండు చేతులతో, తల వంచి, చాలా గౌరవంగా అందించింది. తెల్ల రిబ్బనే కట్టింది. పారేయలేక పట్టుకుని హోటల్‌కి వెళ్లాను. గుమ్మం దగ్గర ఇచ్చేసి వచ్చేద్దామనుకున్నాను.

అక్క అక్కడే ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. బల్ల మీద పదిహేను పుస్తకాలు, పక్కన రూగల్ బొమ్మ, దాని నెత్తిన ఆ కాగితం టోపీ. ఒరిటా గారు దాని ముందు చిన్న కప్పులో కాఫీ పెట్టింది.

కూర్చోమని అక్క అనలేదు. కుర్చీ మీదున్న బ్యాగు తీసింది. అంటే కూర్చోమనే.

"నువ్వు చెప్పకపోతే పోయిన వారం వీళ్ల ముందు కుప్పకూలేదాన్ని," అంది. "నీ దయవల్ల రెండు వారాలు ఇంట్లోనే ఏడ్చుకున్నాను. తెలిసిపోయాక ఇక ఆగేదేముందని ఇవన్నీ కొనుక్కుని చదివేశాను. క్షమించేశానని మాత్రం అనుకోకు."

అనుకోను అన్నాను. కేకులో పలక ఉన్న ముక్క ఆమె నా ప్లేటులో వేసింది. అక్కా, సారీ, అని బయటికే అన్నాను. తిను, అంది.

హమగుచి గారు మాత్రం చాలా దిగులుగా ఉన్నాడు. ఇప్పుడు అన్నీ తెలిసినవాళ్లు ఇద్దరైపోయారు, ఎవరి గుక్కలు లెక్కపెట్టాలో తెలియడం లేదట.

జూన్ 22, ఆదివారం

చివరి ఎపిసోడ్. గాడిద క్షేమం. ఒరిటా గారు అందరికీ వెన్న రాసిన మందపాటి టోస్టు పెట్టింది. చివర్లో తెర మీద అక్షరాలు పడ్డాయి: మూడో భాగం అక్టోబరులో. అందరం చప్పట్లు కొట్టాం.

పదిహేను పుస్తకాలు అయిపోయాక ఏం చదువుతున్నావని అక్కని అడిగాను. నెలవారీ పత్రిక పాత సంచికలన్నీ తెప్పించుకుందట. ఏప్రిల్ నుంచి జూన్ దాకా. సరిగ్గా నేను ఆపేసిన మూడు నెలలు.

"అందులో మెల్లె ఎలా ఉందక్కా?"

అక్క గ్లాసు అందుకుని నీళ్లు తాగింది. హమగుచి గారి చేయి జేబులోకి వెళ్లింది.

నేను మాట మార్చాను. వాన గురించి మాట్లాడాను, పీచ్ పండ్ల గురించి మాట్లాడాను. అక్క వినడం లేదు. నా బ్యాగుకి వేలాడుతున్న మెల్లె బొమ్మని వేలితో నిమురుతోంది. చాలా మెత్తగా, చాలా ప్రేమగా.

"దీని పుట్టినరోజు నవంబరులో కదా, చిజూ?"

అవునన్నాను.

"అంతదాకా ఎందుకు. సెప్టెంబరులోనే చేసేద్దాం. కేకు నేను తెస్తాను."

సాయంత్రం 7.10. ఇల్లు. క్యాలెండరు తీసేశాను. పాత కవరు చించేశాను. కొత్త కవరు మీద రాశాను: "మినోబె చిజురు గారు, 38 ఏళ్లు. చెవులు మూసుకోవాలి. రోజుకు మూడు పూటలు, భోజనం తర్వాత. మధ్యలో మానరాదు."

రేపటి నుంచి మొదలు. ఇవాళ పత్రికల షాపు ఎనిమిదింటిదాకా తెరిచే ఉంటుంది.