ఆగితేనే నీది

నవంబరు 3, సోమవారం

జోగయ్య మావ ఎర్ర కారుని పాతినుముకి అమ్మేస్తున్నాడట. ఈ సంగతి చెప్పింది మావ కాదు, ఆయన భార్య లక్ష్మణమ్మ అత్త. అదీ నా ఐసు ఫ్యాక్టరీకి వచ్చి, అమ్మే చేపలకి ఐసు ఆటోలోకి ఎత్తించుకుని, వెళ్తూ వెళ్తూ. నాకు ఒళ్లు మండిపోయింది.

రొయ్యలకి మంచి రేటు పలికిన రోజుల్లో మావ ఆ కారు విశాఖపట్నంలో కొన్నాడు. స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, టాప్ విప్పేయొచ్చు. దాన్ని తయారు చేసిన కంపెనీయే ఇప్పుడు లేదు. చిన్నప్పుడు మా అన్నదమ్ములందర్నీ ఒక్కొక్కరిగా అందులో బీచ్ రోడ్డు మీద తిప్పాడు. నేను ఎక్కితే మాత్రం, ఆడగుంటవి నీకు కారేటే అని రెక్క పట్టుకుని దింపేశాడు. మర్చిపోలేదు నేను.

ఇప్పుడు కారు షెడ్డు రోడ్డు వెడల్పులో పోతోంది. కారేమో కదలదు. ముందు చక్రాలు రెండూ బిగుసుకుపోయాయి. పదిహేడో తారీఖున పాతినుము వాళ్లు వచ్చి ముక్కలు కోసి పట్టుకెళ్తారట.

సాయంత్రం వెళ్లి నాకిచ్చెయ్ మావా అని అడిగాను. నవ్వాడు. కదపగలవేటి అన్నాడు. కదుపుతాను అన్నాను. కదపడం ఏటుందే, నలుగురు తోస్తే బండరాయైనా కదుల్తాది, నాను ఆగమన్న కాడ ఆగాల, ఆగితేనే నీది అన్నాడు.

సరే. చూద్దాం.

నవంబరు 4, మంగళవారం

కార్తీకమాసం. సగం జనం చేప మానేశారు, ఐసు అడిగే దిక్కు లేదు. మంచిదే. జాకీ, స్పానర్ల సంచీ వేసుకుని పొద్దున్నే షెడ్డులో దూరాను.

ఇంజను బాగానే ఉంది. మావ వారంవారం స్టార్ట్ చేసి, గర్రుమనిపించి ఆపేస్తాడు. రోడ్డెక్కిస్తే అరిగిపోతాదట!

ముందు చక్రాలు విప్పాను. వెనకున్న బ్రేక్ డిస్క్ మీద తుప్పు పెచ్చులు. దాన్ని పట్టుకునే క్యాలిపర్, లోపలి ప్యాడ్లు, అన్నీ కలిసి ఒకే ఇనుప ముద్ద. బ్రేక్ తొక్కితే పిస్టన్ ముందుకొచ్చి ప్యాడ్‌ని నొక్కాలి, వదిలితే వెనక్కి పోవాలి. ఇది పట్టింది, ఇక వదల్లేదు. అచ్చం మా మావ బుద్ధే. మొదట బ్రేక్ ఆయిల్ తెచ్చే హోస్ పూడుకుపోయిందేమో అనుకున్నాను. గాలి తీసే నిపుల్ విప్పి ఆయిల్ వదిలేసినా డిస్క్ తిరగలేదు. పిస్టనే.

రాత్రికి చేతులు వాచిపోయాయి.

నవంబరు 6, గురువారం

కుడి పిస్టన్ వచ్చింది! కొత్త బ్రేక్ ఆయిల్ పోసి పెడల్ తొక్కుతూ పోయాను, తొక్కుతూ పోయాను, టప్పుమని బయటకి దూకింది. ఒక్కదాన్నే ఈల వేసుకున్నాను.

నవంబరు 7

ఎడమది రాలేదు.

నవంబరు 9, ఆదివారం

మావతో గొడవైంది.

ఆదివారం కదా, కారు కడగడానికి వచ్చాడు. చక్రాలు లేకుండా స్టాండ్ల మీదున్న కారుని కూడా కడుగుతాడు మహానుభావుడు. ఇన్నేళ్లుగా ఒక్క ఆదివారం తప్పలేదట. నేను కింద పడుకుని ఉన్నాను. పైపు నీళ్లు మొహం మీద చిందాయి. నోట్లోకి వెళ్లాయి.

ఉప్పు. ఉత్త ఉప్పు.

షెడ్డు బోరు నీళ్లు. సముద్రం పక్కన బోరు మరి, ఎలా ఉంటాయి! ఆ నీళ్లతో వారంవారం కడగడం, తడి మీదే తలుపు మూసెయ్యడం, అడుగు కూడా నడపకపోవడం. బయటకొచ్చి అరిచాను. కడిగి కడిగి నువ్వే సంపేసినావు మావా అన్నాను. మా ఇంట్లో మాట్లాడే భాషంతా వచ్చేసింది నోట్లోంచి.

మావ కుళాయి కట్టేశాడు. పైపు చుట్ట చుట్టి మేకుకి తగిలించి వెళ్లిపోయాడు. అన్నం తినలేదని అత్త ఫోన్ చేసింది. అన్నందుకు బాధగా ఉంది. అన్నది మాత్రం నిజం.

నవంబరు 10, సోమవారం. మధ్యాహ్నం

వచ్చింది వచ్చింది వచ్చింది!

పెడల్‌తో ఇక కుదరదు, తొక్కితే ఆయిలంతా పిస్టన్ ఊడిన కుడివైపు నుంచి పోతుంది. క్యాలిపర్ విప్పి ఫ్యాక్టరీకి తెచ్చేశాను. హోస్ బిగించే కన్నంలో ఫ్యాక్టరీ మెషీన్ల గ్రీజు నిపుల్ పెట్టి తిప్పితే, మర సరిగ్గా కూర్చుంది. ఇంకేం కావాలి! గ్రీజు గన్ తగిలించి కొట్టాను. కొడుతుంటే హ్యాండిల్ మొండికేసింది. వేలాడి మరీ కొట్టాను. లోపల టక్కుమంది. నా గుండె కూడా. తర్వాత పిస్టన్ కొంచెం కొంచెంగా, కొత్త పెళ్లికూతురు గదిలోంచి వచ్చినట్టు తల వంచుకుని వచ్చింది. ఓలమ్మో అని నేను అరిచిన అరుపుకి బయట ఐసు కొడుతున్నవాళ్లు పరిగెత్తుకొచ్చారు.

ఒంటినిండా తుప్పు మచ్చలు దానికి. పనికిరాదు. కొత్తది కావాలి.

నవంబరు 12, బుధవారం

విజయనగరం వెళ్లాను, పిస్టన్లు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని. స్పేర్ పార్ట్స్ షాపాయన ఏ కారుదని అడిగాడు. చెప్పాను. లేదన్నాడు. మీ ఆయన్ని పంపండి మేడం, ఆయనకైతే అర్థమవుద్ది అన్నాడు. పెళ్లి చేసుకోలేదు, ఇప్పుడు దీనికోసం చేసుకోమంటావా అన్నాను. కారు పేరు వదిలెయ్, సైజు చూడు అని కొలతలు తీసే వెర్నియర్ తీసి బల్ల మీద పెట్టాను. ఓ గంట వెతికించాను. మామూలు చిన్న కారుది, అందరిళ్లలోనూ ఉండేది, సరిగ్గా సరిపోయింది. సీలు, డస్ట్ రబ్బరు కూడా. టీ తెప్పించాడు.

నవంబరు 15, శనివారం

అంతా బిగించాను. బ్రేక్ లైన్లో గాలి తీయాలంటే ఇద్దరు కావాలి. మావ ఆదివారం నుంచి మాట్లాడ్డం లేదు. అత్త వచ్చింది. చీర ఎగ్గట్టి డ్రైవర్ సీట్లో కూర్చుంది. తొక్కు అంటే తొక్కింది, పట్టు అంటే పట్టింది. నిపుల్‌లోంచి మొదట నురగ, తర్వాత బుడగలు, చివరికి శుభ్రమైన ఆయిల్. ఇన్నేళ్లూ కడగడమే గాని మీ మావ ఓపాలైనా నన్ను కూకోబెట్టినాడేటే అంది, తొక్కుతూనే.

పెడల్ గట్టిపడింది. చక్రాన్ని చేత్తో తిప్పి వదిలాను. తిరుగుతూ ఉంది. ఏడుపొచ్చేసింది నాకు.

నవంబరు 16, ఆదివారం

ఊరి చివర వెడల్పు చేసిన కొత్త రోడ్డు ఇంకా తెరవలేదు. పొద్దున్నే అక్కడ మెల్లగా నడిపి, ఆపి, నడిపి, ఆపి చూసుకున్నాను. అప్పుడొచ్చాడు మావ. నడుచుకుంటూ చాలా దూరం వెళ్లి, రోడ్డు మధ్యలో నిలబడి, బస్సు ఆపేవాడిలా చెయ్యెత్తాడు.

తప్పుకో మావా అని అరిచాను. కదల్లేదు. రా అని చెయ్యూపాడు. గట్టు మీంచి అత్త ఈ ముసిలోడికి మతి పోనాదిరా దేవుడా అని మొత్తుకుంటోంది. కానీ చేసింది నేను. నాకు తెలియదా అది ఆగుతుందో లేదో?

మూడో గేరు. మావ మీసం కనపడేదాకా వెళ్లాను. తొక్కాను.

ఎడమకి లాగలేదు. కుడికి లాగలేదు. గీత గీసినట్టు తిన్నగా ఆగింది. మావకీ బంపర్‌కీ మధ్య ఇంకో మనిషి నిలబడొచ్చు. మావ ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు. బానెట్ మీద చెయ్యి పెట్టాడు. ఆగినాదే గుంటా అన్నాడు.

నాను ఓపాలి నడుపుతాను, ఇటు దిగు అన్నాడు. నా కారు మావా, నువ్వు పక్కన కూకో అన్నాను.

కూర్చున్నాడు!

నవంబరు 17

పాతినుము వాళ్లు వచ్చారు. షెడ్డు రేకులు పట్టుకెళ్లారు.

నవంబరు 19, బుధవారం. పాతపట్నం, పెట్రోలు బంకు

తెల్లారకముందే అత్త వచ్చి కారెక్కి కూర్చుంది. ఎక్కడికి అంటే, ఎల్లు అంది. ఎచ్చెర్ల దగ్గర టీకి ఆపబోతే, ఆపకే అంది. పెట్రోలు కోసం ఆగాను. దిగమంటే, ఇన్నేళ్లకి కూకున్నాను, దిగను అంటోంది. అవతల ఒడిశా.