ఢిల్లీ అర్జీలో నీ కోడికాలు

ఏమయ్యా,

క్వారీ గేటు దగ్గర నిన్ను కొట్టి చంపి రేపటికి ఏడాది. హెల్మెట్లు అడిగినందుకు యజమాని మనుషులు చేసిన పని అది. మొన్న మళ్ళీ కర్రలతో వచ్చి ముగ్గురి తలలు పగలగొట్టారు. ఇక్కడ ఎవరికి చెప్పుకున్నా వినలేదు. గని కూలీల గోడు కేంద్రం పట్టించుకోవాలట. అందుకే ఢిల్లీకి అర్జీ రాశాను. నా ఏడో తరగతి చదువు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది.

సంతకాల దగ్గర చిక్కొచ్చింది. మన మస్తాన్ బాబాయి వేలిముద్ర వేస్తే ఒట్టి సిరా మచ్చ పడింది. నలభై ఏళ్ళుగా రాయి పట్టిన వేలు, గీతలన్నీ అరిగిపోయాయి.

"ఈ మచ్చని ఎవురు నమ్ముతారమ్మా?" అన్నాడు.

"నువ్వు కోసిన రాయి అని తెలియటానికి సుద్దతో గుర్తు పెడతావు గదా బాబాయ్, అదే పెట్టు" అన్నాను.

ఆయన నెలవంక గీశాడు. ఆ వెనక ఒకరు నిచ్చెన, ఇంకొకరు చేప. అందరివీ అయ్యాక బాబాయి కాగితం నా ముందుకు జరిపాడు.

"మనోడి గుర్తు పడలా. నువ్వే ఎయ్యి."

నా సంతకం పక్కన, నువ్వు నీ రాళ్ళ మీద పెట్టే కోడికాలు గీశాను. అందులో ఒక వేలు వంకరపోయింది. కొట్టేసి మళ్ళీ గీయబోతే ఆయన ఆపాడు.

"ఉండనియ్యమ్మా. ఆడి కోడి ఎప్పుడూ కుంటిదేగా!"

అందరం నవ్వాం. ఈ పొద్దున మాచవరం వెళ్ళి పోస్టులో వేసి వచ్చాను. నీ కుంటికోడి ఢిల్లీకి బయలుదేరింది.