మాట అందించేవాడు

త్రియెస్తే, మార్చి 4

ప్రియమైన నేవియో,

ఫోనెందుకు ఎత్తవు ముసలాడా? నాలుగుసార్లు చేశాను. సరే, కాగితం మీదే గొడవపడతాను. మన ఊరి చిత్రాల మ్యూజియం వాళ్ళు సభ్యుల కోసం ఒక సాయంత్రం ఆపెరా పెడుతున్నారు. నన్ను మూడు పాటలు పాడమన్నారు. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. తరవాత భయం పట్టుకుంది. నీకు తెలుసుగా, రాగం ఎక్కడికీ పోలేదు, మాటలే జారిపోతున్నాయి. మొన్న ఉల్లిపాయ పేరు గుర్తురాక కూరల కొట్లో ఏడ్చేశాను.

"ఈసారి తడబడితే ఇల్లు వదిలి వృద్ధాశ్రమానికి వెళ్ళాలి అత్తా, మాటివ్వు" అంది నా మేనకోడలు లొరెదానా. ఇచ్చాను. ముప్పై ఏళ్ళు వేదిక ముందు గూట్లో కూర్చుని ప్రతి పాదం నాకు ముందుగా అందించినవాడివి, ఈ ఒక్కసారి రా. అక్కడ గూడు లేదు గానీ తలలేని పాలరాతి దేవత ఉంది. ఆవిడ పక్కన కూర్చుందువుగాని.

నిన్నే నమ్ముకున్న
ఎర్సీలియా

ఉదినే, మార్చి 9

ప్రియమైన ఎర్సీలియా,

వస్తాను. నువ్వు పిలిస్తే ఎప్పుడు రాలేదు గనక? ఫోను సంగతి వదిలెయ్, ఉత్తరాలే నయం. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. ఆ హాల్లో ప్రతిధ్వని ఎక్కువ, చెవుల్ని నమ్ముకోకు, నా పెదాలు చూడు. పాట అయ్యాక కబుర్లకు ఆగను, బస్సుంది.

ఎప్పటిలాగే నీ
నేవియో

త్రియెస్తే, మార్చి 29

నేవియో,

'ప్రియమైన' అని రాయడానికి చెయ్యి రాలేదు. రెండు పాటలు నీ పెదాలు చూసి గట్టెక్కాను. మూడోదానికి దీపాలు తగ్గించారు. రెండో చరణం దగ్గర బుర్రంతా ఖాళీ. నీ వైపు తిరిగాను. చీకట్లో పెదాలు కనబడలేదు సరే, గొంతైనా రావాలిగా? గుసగుస కూడా లేదు. పియానో ఆయన అదే ముక్క మూడుసార్లు వాయించాడు.

"పాపం పెద్దావిడ, మర్చిపోయినట్టుంది" అంది ముందు వరసలో ఒకావిడ.

"ఊరుకో, వినబడుతుంది" అన్నాడు ఆవిడ మొగుడు.

తరవాత అందరూ చప్పట్లు కొట్టారు. జాలితో కొట్టే చప్పట్లు ఎలా ఉంటాయో ఈ వయసులో విన్నాను. లొరెదానా నా బట్టలు సర్దుతోంది. నిన్ను కాదని ఇంకొకణ్ణి చేసుకున్నందుకు ఇన్నేళ్ళు కాచుకుని కక్ష తీర్చుకున్నావా?

ఎర్సీలియా

ఉదినే, ఏప్రిల్ 2

ప్రియమైన ఎర్సీలియా,

తిట్టు, పడతాను. కానీ నిజం విను. జనవరిలో నా స్వరపేటిక తీసేశారు. క్యాన్సర్. ఆ రోజు నేను చుట్టుకున్న మఫ్లరు కింద మెడలో ఉన్నది కన్నం, దానితోనే ఊపిరి. అందుకే ఫోను ఎత్తను. చెబితే ఇంకెవరినో పిలుస్తావని దాచాను. నీకు మాట అందించే పని మరొకడి చేతిలో పెట్టడం నా వల్ల కాలేదు.

పెదాలు చాలనుకున్నాను. పాత చిత్రాలకు అంత వెలుగు మంచిది కాదని వాళ్ళు దీపాలు తగ్గిస్తారని నాకేం తెలుసు? దేవత నీడ నా మొహం మీద పడింది. ఆ చరణమంతా పెదాలతో అన్నాను ఎర్సీలియా, మొదటినుంచి చివరిదాకా. లేచి వెలుగులోకి రావలసింది. అందరూ నా మెడ చూస్తారని సిగ్గుపడ్డాను. నా తప్పు అదే.

డాక్టర్లు వేసవి దాకానే బతుకుతానంటున్నారు. క్షమించానని ఒక్క ముక్క రాయి.

నీ
నేవియో

త్రియెస్తే, ఆశ్రమం, తొమ్మిదో గది, మే 11

ప్రియమైన నేవియో,

ఫోనెందుకు ఎత్తవు ముసలాడా? మంచి కబురు! మన ఊరి మ్యూజియం వాళ్ళు సభ్యుల కోసం ఒక సాయంత్రం ఆపెరా పెడుతున్నారు. నన్ను మూడు పాటలు పాడమన్నారు. ఉండటానికి గది కూడా ఇచ్చారు, కిటికీలోంచి సముద్రం కనబడుతుంది. తెల్లకోటు అమ్మాయి వేళకు సూపు తెస్తుంది. మర్యాదస్థులు.

సొరుగులో నీ ఉత్తరం ఒకటి దొరికింది. చదివి ఏడ్చాను. ఎవరి గురించి రాశావో అర్థం కాలేదు, పాపం ఎవరో.

మాటలు జారిపోతున్నాయి, భయంగా ఉంది. అయినా నువ్వున్నావుగా, నన్ను ఒక్కసారి కూడా వదిలెయ్యలేదు. మొహం కనబడకపోయినా ఫరవాలేదు. నీ గొంతు వినబడితే చాలు.

నిన్నే నమ్ముకున్న
ఎర్సీలియా