పొట్టి గునుగు

గాంధారి,
భాద్రపదం, 2014

చెల్లె బాలమణికి,

మేం బాగనే ఉన్నం. నువ్వెట్లున్నవో అడుగుతలేను. పోచారం కాలువ కింద పొలమున్నోళ్లకు ఏం తక్కువ?

పోయినేడు తల్లిగారింట్ల సద్దుల బతుకమ్మ యాదికున్నదా? నీ గునుగు పువ్వులు జానెడు పొడుగున్నయి. నా గంపల అన్నీ ఎండిన కుచ్చులే. ఆడోళ్లందరు నీ బతుకమ్మనే మెచ్చుకున్నరు. నాకు కడుపు మండింది. నువ్వు నీళ్లకు పోయినప్పుడు నీ పువ్వులు నలిపి, గింజలు కొంగుకు కట్టుకున్న. తిట్టకు.

అవి వానే దిక్కైన మా చెల్క గట్టున చల్లిన. ఏపుగ పెరిగినయి గని పువ్వు పెట్టలే. వానకు ఎదురుచూసుకుంటనే నిలువునా ఎండినయి. పక్కనే మా గునుగు మోకాలెత్తు కాకముందే, శ్రావణంలనే పూసి గింజ రాల్చింది. మా అత్త అన్నది గదా, "ఐదేండ్ల సంది వానలు నడుమనే పోతున్నయి. ఆలస్యంగ పూసినదానికి గింజ దక్కలే. తొందరగ పూసినదాని గింజనే మళ్ల మొలిచింది. ఇప్పుడున్నదంత దాని సంతానమే."

బతికిందే గని, పండుగదాక పువ్వు ఆగలే. అందుకే అడుగుతున్న, ఈసారి నాకు గూడ ఒక గంప గునుగు తే. మంచియి నువ్వు ఏరుకోని, మిగిలినయి తేకు.

మా పొట్టి గునుగు గింజలు దోసెడు మూటగట్టి నీకోసం దాచిన. ఇప్పుడైతే ఇయ్య. కాలువ ఎండిన ఏడు వచ్చి అడుగు, ఇస్త. అప్పటిదాక నీకు లేనిది ఒక్కటన్న నా తాన ఉండనీ.

మీ అక్క