మంత్రి శాలువాకు అతికిన అంచు

పోలీసు అధికారి గారి సముఖమునకు బజారు వీధి దర్జీ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: రాజదర్బారు నాటకంలో మంత్రి వేషం కట్టిన నా బావమరిదికి ప్రాణభయం ఉన్నందున రక్షణ కోరుట గురించి.

మూడు రోజులుగా ముసురు విడవలేదు. కుట్టిన బట్టలు తడివాసన కొడుతున్నాయి. పొద్దుటి నుంచి రెండు లంగాలకు అంచు మడిచి, ఒక చొక్కాకు కాజాలు కుట్టి, మిషను ఆపి ఇది రాస్తున్నాను.

1. గత శనివారం మిల్లు పనివారు ఆడిన నాటకంలో ముసలి మంత్రి కోట తాళంచెవి శత్రువు చేతిలో పెడతాడు. ఆ వేషం మిల్లులో తూకం వేసే నా బావమరిది కట్టాడు. అందరి దుస్తులూ నేనే కుట్టాను.

2. తదాదిగా ఊరు రెండుగా చీలినది. ఆ మంత్రి తమ పూర్వీకుడేననీ, ద్రోహిగా చూపి పరువు తీశారనీ ఎగువ వీధి పెద్దింటివారు అంటున్నారు. జరిగింది అదేననీ, నాటకం మళ్ళీ ఆడి తీరాలనీ దిగువ వీధివారు పట్టుబట్టారు. నాటకం రాసిన బడిపంతులు, "అసలు ఆ రాజే లేడయ్యా, నేను కల్పించాను" అంటే రెండు వైపులవారూ ఆయన మీదే పడ్డారు. "మా రాజు లేడనడానికి నువ్వెవడివి?" అని ఒకరు, "ఎవరికి జడిసి మాట మారుస్తున్నావు?" అని ఇంకొకరు.

3. బుధవారం నుంచి ఎగువ వీధి మనుషులు ఇద్దరు నా బావమరిది వెనుక నడుస్తున్నారు. అతడు ఆగితే ఆగుతారు. ఇంక వేషం కట్టనని పెద్దింటివారికి చెప్పి రమ్మని నా భార్య తన తమ్ముణ్ణి బతిమాలింది.

"అక్కా, పదేళ్ళుగా తూకం వేస్తున్నాను. అందరూ త్రాసు ముల్లునే చూశారు. ఇప్పుడు నా మొహం చూస్తున్నారు" అని నవ్వాడు.

"వాళ్ళు చూసేది మొహాన్ని కాదురా, మెడని" అంది.

4. నిన్న మధ్యాహ్నం ఆ ఇద్దరూ దుకాణానికి వచ్చి బల్ల మీద తెల్లగుడ్డ పెట్టారు.

"మీ బావమరిది కొలతలకు ఒకటి కుట్టు" అన్నారు.

చొక్కానా, లాల్చీనా అని అడిగాను.

"చేతులక్కర్లేదు. జేబులు అసలే వద్దు."

ఎప్పటికి కావాలని అలవాటు కొద్దీ అడిగేశాను.

"తొందరేం లేదులే. నువ్వు కుట్టాకే" అన్నారు.

ఆ గుడ్డకు ఇంతవరకు కత్తెర పెట్టలేదు.

5. ఇది నా భార్యకు కూడా చెప్పలేదు. తప్పు నాది. పెద్దింటివారు తమ ఇంటివారికి మాత్రమే నేయించుకునే నల్లపట్టీ ఎర్రగళ్ళ అంచు ఒకటి ఉంది. బయట దొరకదు. నిరుడు వారి బట్టలు కుట్టినప్పుడు దానిలో మూరెడు ముక్క మిగిలింది. మిగులు గుడ్డ దర్జీ ఉంచుకోవడం మా పనిలో వాడుక. మంత్రి శాలువా వెలవెలబోతోందని నాటకం రోజు పొద్దున ఆ ముక్క దానికి అతికాను. దీపాల కింద నిండుగా ఉంటుందని తప్ప వేరే తలంపు లేదు. ఆ అంచును చూడబట్టే పెద్దింటివారు మంత్రిని తమవాడనుకున్నారు. నా బావమరిదికి ఆ అంచు సంగతే తెలియదు.

కావున తమరు అతనికి కాపలా ఏర్పాటు చేసి, అంచు కేవలం దర్జీ తప్పిదమని రెండు వీధులలోనూ చాటింపు వేయించి, శిక్ష ఏదైనను నాకే విధించవలసినదిగా వేడుకొనుచున్నాను. ఈ మనవిని రేపటికి ఉంచక నేడే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బజారు వీధి దర్జీ

మరొక మనవి: అర్జీ మడుస్తుండగా నా భార్య మిల్లు నుంచి పరుగున వచ్చింది. "ఏమయ్యా, తమ్ముడికి కబురు పెట్టావట, వాడేడీ?" అంది. నేను ఎవరినీ పంపలేదు. ఆ ఇద్దరూ మిల్లుకు వెళ్ళి, "మీ బావ కొలత సరిచూస్తాడట, రమ్మన్నాడు" అని చెప్పారట. తూకం రాళ్ళు పక్కవాడికి అప్పగించి వెంట వెళ్ళాడట. మిల్లు నుంచి నా దుకాణం పది నిమిషాల నడక. ఇప్పుడు నాలుగున్నర. ముగ్గురూ మిల్లు నుంచి బయలుదేరింది మూడుంపావుకు.